ఉత్తమ పురుషలో చెప్పుకోవలసిన మాట

కౌంటరు అవతల నిలబడ్డాయన ఇంగ్లీషులో మొదలుపెట్టారు. నా తెల్లకోటు మీద పేరు చదివాక గొంతు తగ్గించి తెలుగులోకి వచ్చారు.

“అక్కా, మీరు మనవాళ్లేనా?”

“అవునండీ, చెప్పండి.”

“ఈ సీసా మీద కాగితం పీకేయొచ్చా?”

ఆ కాగితం మీద ఉన్నవి ఒక పదహారేళ్ల కుర్రవాడి పేరు, మందు పేరు, రోజుకు ఎన్ని వేసుకోవాలన్న సూచన. అది మనసు కుంగుబాటుకు ఇచ్చే మందు. ఇంటి పక్కనే మందుల షాపు ఉండగా, తెలిసినవాళ్లెవరూ తగలరని పాతిక మైళ్లు కారు నడుపుకొని ఇక్కడిదాకా వచ్చారాయన. తీరా వస్తే నేను కనిపించాను. ఇండియా నుంచి అత్తగారూ మామగారూ వచ్చి ఇంట్లో ఉన్నారట. సీసాను పూజ అలమరలో పెడతామన్నారు. మడి కట్టుకోకుండా అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరట.

లేబుల్ తీయకూడదని చెప్పాను. మందు పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని, ఈలోగా బాగుందనో బాగాలేదనో మధ్యలో ఆపేయవద్దని చెప్పాను. ఇలాంటి మందులు వాడే పిల్లల్లో, ముఖ్యంగా మొదటి రోజుల్లో, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని 2004లో ఎఫ్.డి.ఎ. నల్లగీతల పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించిందని, అందుకని అబ్బాయిని ఒంటరిగా వదలకుండా కనిపెట్టుకొని ఉండమని, తేడాగా అనిపిస్తే వెంటనే డాక్టరుకు ఫోను చేయమని చెప్పాను. అన్నిటికీ తలూపారు. సంచీ అందుకుంటూ, “ఏం చేస్తాం అక్కా, వాడి కర్మ” అన్నారు.

ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. ఆ చివరి మాటను మాత్రం మార్చలేదు. ఆ రాత్రి షాపు మూసి ఇంటికొచ్చినా అది నన్ను వదల్లేదు. నేను కర్మను నమ్మేదాన్ని. ఆదివారం ఉదయం గుడిలో పిల్లలకు పురాణాలు చెప్పేదాన్ని. మరి పదహారేళ్ల పిల్లవాడి బాధను కర్మ అనడం ధర్మమేనా? ఆ మాట అన్నవాళ్లకు అది ఏం ఇస్తుంది, ఎవరి గురించి అన్నామో వాళ్ల దగ్గర్నుంచి ఏం లాక్కుంటుంది?

నేను డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఒకదానిలో ఉంటాను. ఫ్రిస్కో, ప్లానో, మెకినీ చుట్టుపక్కల ఏ కిరాణా కొట్టుకెళ్లినా తెలుగు వినిపిస్తుంది. 1999లో మా ఆయన హెచ్-1బి మీద, నేను హెచ్-4 మీద వచ్చాం. ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఫార్మసీ చదివిన నేను మళ్లీ పరీక్షలు రాసి, ఇంటర్న్‌గా గంటలు పూర్తిచేసి, ఇక్కడి లైసెన్సు తెచ్చుకునేసరికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పట్నుంచీ మనవాళ్ల ఆరోగ్యాన్ని మందుచీటీల్లోంచి చూస్తూ వస్తున్నాను.

గుడి భోజనశాలలో ప్రసాదం తింటూ మనవాళ్లు చక్కెర జబ్బు గురించి ఎంత ధారాళంగా మాట్లాడుకుంటారో! “మీ ఎ1సి ఎంతొచ్చింది?” అని పప్పు ఎంత పడిందో అడిగినంత సులువుగా అడుగుతారు. దక్షిణాసియావాళ్ల ఒంటి తీరే వేరని, తక్కువ బరువుకే ఈ జబ్బు వస్తుందని ఇప్పుడు అందరికీ తెలిసింది. ఆసియా మూలాలవాళ్లకు బి.ఎం.ఐ. 23కు చేరితే చాలు పరీక్ష చేయించాలని 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పింది. మనవాళ్ల గుండెజబ్బుల మీద ‘మసాలా’ అనే పేరుతో షికాగోలో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 2010 నుంచి ఒక పెద్ద అధ్యయనమే సాగుతోంది. చక్కెర జబ్బు తాతల నుంచి వచ్చిందని తెలిసినా దాన్ని ఎవరూ కర్మ అని వదిలేయరు. మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు, అన్నం తగ్గిస్తారు, పొద్దున్నే షూ వేసుకొని నడుస్తారు. ఆ నడిచేవాళ్లే కొడుకు మనసు కుంగితే పాతిక మైళ్ల అవతల మందు కొంటారు.

దాని ఫలితం చిన్నది కాదు. 2019లో ఈ దేశంలో 15 నుంచి 24 ఏళ్ల మధ్య ఆసియా మూలాల యువత మరణాలకు మొదటి కారణం ఆత్మహత్య. సాయం కావలసి వచ్చినప్పుడు మనోవైద్యుల దగ్గరికి అందరికన్నా తక్కువగా వెళ్లేదీ వాళ్లే. వలస వచ్చిన తరం కన్నా ఇక్కడ పుట్టిన తరంలోనే మానసిక సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. డబ్బూ ఇల్లూ బడీ అన్నీ మెరుగైన తరంలో మనసు దెబ్బతినడమేమిటని నేనూ ఒకప్పుడు ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు పోను. వాళ్ల బతుకు దగ్గర్నుంచి చూశాను. మా ఆదివారం తరగతిలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె ఉండేది. మూడేళ్ల వయసులో వచ్చింది. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న నియమం వల్ల తండ్రి పదిహేనేళ్లుగా వరసలో ఉన్నారు. 21 నిండితే ఆ అమ్మాయి తల్లిదండ్రుల వీసా నీడలోంచి బయటికి వచ్చేస్తుంది. మిగతా పిల్లలు పుట్టినరోజు కోసం రోజులు లెక్కపెట్టుకుంటే ఈ పిల్ల పుట్టినరోజును చూసి భయపడేది. తండ్రి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆ అరవై రోజుల భయం భోజనాల బల్ల దగ్గర ఎవరూ పైకి అనరు కానీ, మార్కుల గురించి అడిగే గొంతులో అది వినిపిస్తుంది. ఆ ఒత్తిడికి తట్టుకోలేక, రాత్రంతా మెలకువగా ఉండి చదవడానికి, ఫోనులో ఎవరో అమ్మే మాత్రలు కొంటారు పిల్లలు. అడరాల్ అని అమ్మేదాంట్లో ఫెంటానిల్ ఉండవచ్చని, ఒక్క మాత్రతో ఊపిరి ఆగిపోవచ్చని తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. ఒకావిడ కొడుకు సంచీలో దొరికిన వేపింగ్ గొట్టాన్ని పెన్‌డ్రైవ్ అనుకొని, “ఇది కంప్యూటర్లో పెడితే తెరుచుకోవడం లేదండీ” అని నాకు చూపించారు. దాచుకోవడం పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారు. సీసాను మనం పూజ అలమరలో దాచుకుంటే, గొట్టాన్ని వాళ్లు పుస్తకాల సంచీలో దాచుకుంటారు.

ఇంతవరకూ ఇతరుల సంగతి చెప్పాను. మా ఇంటి సంగతి చెప్పకపోతే నాకు మిగతాది చెప్పే హక్కు ఉండదు. మా అబ్బాయిని అడిగే రాస్తున్నాను.

వాడు పదకొండో తరగతిలో ఉండగా టెన్నిస్ మానేశాడు. శనివారం మధ్యాహ్నం రెండయినా దుప్పటి తీసేవాడు కాదు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేవాడు. రోజూ పదిమందికి కుంగుబాటు మందులు చేతికందిస్తూ, లక్షణాలు వప్పజెప్పగల నేను, ఇంట్లో ఆ లక్షణాలను బద్ధకం అన్నాను, ఫోను పిచ్చి అన్నాను. “నీకేం తక్కువైందిరా?” అని అరిచాను. అది ప్రశ్నలా వినిపిస్తుంది కానీ దానికి జవాబు చెప్పడానికి ఏ పిల్లవాడికీ వీలుండదు. తక్కువైనవి లెక్కపెడితే కృతఘ్నుడు అవుతాడు. ఏమీ తక్కువ కాలేదంటే, మరి ఎందుకీ ఏడుపు అంటాం.

ఒక ఆదివారం నరసరావుపేటలో ఉన్న మా అమ్మతో వాట్సాప్‌లో మాట్లాడుతూ ఫోను వాడి ముఖం వైపు తిప్పాను. అమ్మమ్మను చూసి వాడు నవ్వాడు. ఫోను మళ్లీ నా వైపు తిరగగానే అమ్మ అంది: “వాడు బెంగ పెట్టుకున్నాడే.”

“బెంగేమిటమ్మా! అన్నీ అమర్చిపెట్టినా ఇలా తయారయ్యాడు. నా ఖర్మ.”

“ఖర్మేమిటే? పిల్లాడికి బెంగైతే దగ్గర కూర్చోవాలి. నువ్వు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నావు.”

బెంగ. ముప్పై ఏళ్లుగా ఆ మాటను నేను వాడలేదు. మా అక్క గుంటూరు హాస్టల్లో చేరిన నెలలోనే అన్నం మానేసి జ్వరం తెచ్చుకుంటే, నాన్నగారు బస్సెక్కి వెళ్లి వెంటబెట్టుకొచ్చారు. వీధిలో అడిగిన ప్రతివాళ్లకీ “పిల్ల బెంగ పెట్టుకుందండీ” అని మామూలుగా చెప్పారు. ఎవరూ ముఖం చిట్లించలేదు. ఆ వారమంతా పక్కింటివాళ్లు కూడా దానికి ఇష్టమైనవి వండి పంపారు. బెంగా కుంగుబాటూ ఒకటేనని మందులమనిషిగా నేను అనను. కానీ మనసు నొచ్చుకోవడాన్ని సిగ్గుపడకుండా చెప్పుకొనే మాట మన భాషలోనే ఉంది. ‘డిప్రెషన్’ అన్న మాటకు భయపడి, ఉన్న ఆ మాటనూ మనం ఇంట్లోంచి పంపేశాం.

నాన్నగారు హైస్కూలు తెలుగు పండితులు. వ్యాకరణం చెప్పేటప్పుడు మూడు వేళ్లు చూపించేవారు. నేను, మేము అన్నది ఉత్తమ పురుష. నువ్వు, మీరు అన్నది మధ్యమ పురుష. వాడు, ఆమె, వాళ్లు అన్నది ప్రథమ పురుష. తనను గురించి తాను చెప్పుకొనేదానికే ఉత్తమమని పేరు ఎందుకు పెట్టారో అప్పుడు నేను అడగలేదు. ఆ కౌంటరు దగ్గరి మాట విన్న తర్వాత, కర్మ అన్న మాటను ఆ మూడు వేళ్ల మీద పెట్టి చూశాను.

కర్మ అంటే చేసిన పని. ఉత్తమ పురుషలో ‘ఇది నా కర్మ’ అని నిజంగా అనుకున్నవాడు, ఇందులో నేను చేసిందేమిటి, ఇక చేయవలసిందేమిటి అని వెతుక్కుంటాడు. అదే మాట ప్రథమ పురుషలోకి వెళ్లి ‘వాడి కర్మ’ అయితే తీర్పుగా మారుతుంది. తీర్పు చెప్పినవాడికి ఇక పని ఉండదు. చేతులు కడుక్కొని లేవవచ్చు. ‘నా ఖర్మ’ అని నేను అమ్మతో అన్నప్పుడు మాట ఉత్తమ పురుషలోనే ఉంది. నిజానికి అది వాడి మీద వేసిన నింద. ఖకారం వత్తి పలికినప్పుడల్లా మనం మన పనిని వెతుక్కోవడం లేదు, మన మీద మనమే జాలిపడుతున్నాం.

శాస్త్రం ఆ వీలు ఇవ్వలేదు. చరకసంహిత విమానస్థానంలో అగ్నివేశుడు గురువును సూటిగా అడుగుతాడు, మనిషి ఆయుష్షు ముందే ఖాయమై ఉంటుందా లేదా అని. ఆత్రేయుడు జవాబుగా దైవం, పురుషకారం అని రెండు చెబుతాడు. పూర్వదేహంలో తాను చేసుకున్నది దైవం, ఇప్పుడు ఇక్కడ చేసేది పురుషకారం. ఏది బలమైనదైతే అది రెండోదాన్ని అణుస్తుంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మందులెందుకు, మంత్రాలెందుకు, మీదికొచ్చే మృగాన్ని చూసి తప్పుకోవడమెందుకు అని కూడా అంటాడు. అదే గ్రంథం చికిత్సను మూడు విధాలుగా విభజించింది. జపం, హోమం, మొక్కులాంటివి ఒకటి. ఆహారం, ఔషధం ఆలోచించి ఇవ్వడం రెండోది. మూడోది సత్త్వావజయం, హాని చేసే విషయాల నుంచి మనసును మళ్లించి నిలబెట్టడం. కౌన్సెలింగ్ అమెరికావాళ్ల అలవాటనీ, మనకు హనుమాన్ చాలీసా చాలనీ నాతో వాదించేవాళ్లకు ఇదే చెబుతాను. చాలీసా చదవండి, నేనూ చదువుతాను. మూడిట్లో ఒకదాన్ని పట్టుకొని మిగతా రెంటినీ తలుపు బయట నిలబెట్టమని మన ఋషులు చెప్పలేదు.

ఆ తర్వాత ఆదివారం తరగతిలో నేను చెప్పే కథ మార్చాను. యోగవాసిష్ఠంలోని రాముణ్ణి తీసుకున్నాను. మడికి సింగన తెలుగు చేసిన వాసిష్ఠ రామాయణం నాన్నగారి బీరువాలో ఉండేది కనక ఆ కథ నాకు చిన్నప్పుడే తెలుసు. దాని లోతు మాత్రం కొడుకు మంచం పక్కన కూర్చున్నాకే తెలిసింది. ఆ రాముడికి ఇంకా పదహారు నిండలేదు. తీర్థయాత్ర చేసి తిరిగివచ్చాక చిక్కిపోతాడు. తిండి మీద ఇష్టం పోతుంది, ఆటలూ నగలూ రుచించవు. దశరథుడు ఒళ్లో కూర్చోబెట్టుకొని బాధేమిటి నాయనా అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఏమీ లేదు నాన్నా అని చెప్పి ఊరుకుంటాడు రాముడు.

ఇక్కడికి రాగానే పన్నెండేళ్ల పిల్ల చెయ్యెత్తింది. “ఆంటీ, రాముడు అబద్ధం చెప్పాడా?”

కాస్త ఆలోచించి చెప్పాను. “లేదమ్మా. చెప్పడానికి మాట దొరకలేదు.” వెనక వరసలో పెద్దపిల్లలు ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు.

తర్వాత విశ్వామిత్రుడు వస్తాడు. రాముణ్ణి సభకు పిలిపించి కారణం అడుగుతాడు. అప్పుడు రాముడు మొదలుపెడితే సర్గల కొద్దీ మాట్లాడతాడు. సంపద ఎందుకు, ఆయుష్షు ఎందుకు, బాల్యం ఎంత కష్టం, మనసు ఎలా కుక్కలా పరుగెత్తుతుంది, అన్నీ చెబుతాడు. వసిష్ఠుడి అంతటివాడు, విశ్వామిత్రుడి అంతటివాడు మధ్యలో అడ్డుపడరు. నీకేం తక్కువైందని ఎవరూ అనరు. రాజ్యం ఉంది, తల్లులు ముగ్గురున్నారు, ఇంకేం కావాలని ఎవరూ లెక్క చెప్పరు. అంతా విన్న తర్వాతే బోధ మొదలవుతుంది.

తరగతి అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. “అమ్మా, రాముడిది వైరాగ్యం. దాన్ని జబ్బుతో పోల్చడం అపచారం” అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. రాముడికి జబ్బు చేసిందని నేను అనడం లేదు. పిల్లల కుంగుబాటు జ్ఞానానికి మొదటి మెట్టని పొగిడి, చికిత్స లేకుండా వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. నేను పోల్చేది రాముణ్ణీ పిల్లల్నీ కాదు, ఆ సభనూ మన భోజనాల బల్లనూ. మూలం వైరాగ్యమైనా జబ్బైనా, అది ఏదో తెలియడానికి ముందు వినాలి కదా! దశరథుడు ‘వాడి కర్మ’ అని లేచిపోయి ఉంటే యోగవాసిష్ఠమే ఉండేది కాదు.

అమ్మ చెప్పినట్టు నేను మా అబ్బాయి మంచం పక్కన నేల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి నాలుగు రాత్రులూ వాడేమీ మాట్లాడలేదు. ఐదో రాత్రి నాకే ఏడుపొచ్చి, మనం అందరం పిల్లలకు చెప్పే మాటే చెప్పాను. “నీకోసమే కదరా అందర్నీ వదులుకొని ఇంత దూరం వచ్చాం.”

వాడు గోడవైపు తిరిగి పడుకునే అన్నాడు. “అమ్మా, అప్పటికి నేను పుట్టనే లేదు.”

అది నిజం. మేము వచ్చింది 1999లో. వాడు పుట్టింది 2001లో. పుట్టకముందే వాడి పేరున ఒక అప్పు రాసి, పదహారేళ్లుగా వడ్డీ అడుగుతున్నాం. ప్రతి మార్కూ ఒక వాయిదా. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మనిషి మూడు ఋణాలతో పుడతాడని పెద్దలు చెప్పారు. వలస వచ్చిన ఇంట్లో పుట్టిన పిల్లల మీద నాలుగోదొకటి మనమే వేశాం. తీరని అప్పులున్నవాడికి నిద్ర ఎలా పడుతుంది?

ఆ రాత్రి మొదటిసారి కర్మ అన్న మాటను సరైన పురుషలో పలికాను. “నీకోసం రాలేదురా నాన్నా. మాకోసం వచ్చాం. మీ నాన్నకు పెద్ద ఉద్యోగం కావాలనిపించింది. నాకు ఇంకా చదవాలనిపించింది. ఇక్కడికి రావడం మేం చేసిన పని. దాన్లో నువ్వు తీర్చాల్సింది ఏమీ లేదు.” వాడు ఇటు తిరిగాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనకు నాలుగు నెలలుగా బతకాలని లేదని చెప్పాడు.

ఆ మాట విని నేను వణికిపోయాను. వాడి చెయ్యి మాత్రం వదల్లేదు. మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లాం. మందు, వారానికోసారి కౌన్సెలింగ్, పడుకునే ముందు వాడికిష్టమైతే కాసేపు నామం. చరకుడి మూడూ మా ఇంట్లోకి వచ్చాయి. కోలుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్లాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, మళ్లీ టెన్నిస్ ఆడుతున్నాడు. ఒక్క మాటతో నయమైందని ఎవరికీ చెప్పను. మాటతో తలుపు తెరుచుకుంది, తర్వాతి పని వైద్యం చేసింది.

మా గుడి నోటీసు బోర్డు మీద ఇప్పుడు అభిషేకాల వేళల పక్కనే 988 అన్న అంకె ఉంది. 2022 జూలై నుంచి ఈ దేశంలో ఎక్కడున్నా, చచ్చిపోవాలనిపించినవాళ్లు గానీ వాళ్లను చూసి భయపడుతున్నవాళ్లు గానీ పగలూ రాత్రీ పిలవగల నంబరు అది. దేవుడి గుడిలో ఆత్మహత్య మాటేమిటని మొదట కొందరు వద్దన్నారు. భయమేసిన మనిషి పరుగెత్తుకొచ్చే చోటు గుడే కదా, ఇక్కడ కాకపోతే ఎక్కడ రాయాలని నేను అడిగాను. మత్తుమందు మోతాదు మించి ఊపిరి ఆగుతున్నవాళ్లను నిలబెట్టే నలోక్సోన్ స్ప్రేను చీటీ లేకుండానే అమ్మవచ్చని 2023లో అనుమతించారు. దాన్ని ముక్కులో ఎలా కొట్టాలో తల్లులకు గుడి వంటశాల పక్క గదిలో చూపించాను. అరటిపండ్లు తరుగుతున్న కత్తులు పక్కన పెట్టి మరీ వచ్చి నేర్చుకున్నారు.

నాన్నగారి వ్యాకరణంలో కర్మకు మరో అర్థం కూడా ఉంది. కర్త, కర్మ, క్రియ. పని చేసేవాడు కర్త, ఆ పని ఎవరి మీద పడుతుందో అది కర్మ. ‘మేము వాణ్ణి చదివించాం, వాణ్ణి డాక్టర్ని చేశాం, వాణ్ణి దార్లో పెట్టాం.’ మన వాక్యాల్లో మన పిల్లలు ఎప్పుడూ కర్మగానే ఉంటున్నారు.

కాగితం పీకేయొచ్చా అని అడిగిన ఆయన మళ్లీ ఏడెనిమిది నెలల తర్వాత వచ్చారు. ఈసారి పక్కన ఒక సన్నటి కుర్రాడు ఉన్నాడు. ఆయన నోరు తెరవబోయి ఆగి, ఒక అడుగు వెనక్కి వేశారు. కుర్రాడు ముందుకొచ్చి తన పేరూ పుట్టినతేదీ తనే చెప్పాడు. సంతకం పెట్టాడు. ఇంకా ఎన్ని రీఫిళ్లు ఉన్నాయని అడిగాడు. రెండు అన్నాను. సంచీ వద్దని, పేరున్న సీసాను చేత్తోనే పట్టుకొని తలుపు వైపు నడిచాడు. వెనకాలే వెళ్తున్న ఆయన తలుపు దగ్గర ఆగి నాకు నమస్కారం పెట్టారు.